నక్క తీసిన దిష్టి

సుబ్బులూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నాకొచ్చిన నాలుగక్షరాలతోనే రాస్తున్నాను, నవ్వకు.

ఇవాళ మన మనవరాలు స్వాతి నన్ను ఇక్కడ సింగపూర్‌లోనే, జురాంగ్ ఈస్ట్‌లో సినిమాకు తీసుకెళ్లింది. అది పనిచేసే కంపెనీ తీసిన బొమ్మల సినిమా, పాతకాలపు జపాన్ కథ. ఆడమనిషి రూపంలో ఉన్న ఒక నక్క, తను పెంచిన పిల్లను యుద్ధానికి పంపుతుంది. ఆ పంపే ఘట్టం స్వాతే గీసింది. అందులో నువ్వు చేసే పని ఒకటి పెట్టిందట. జపాన్‌లో అలా చెయ్యరు, తీసెయ్యమని పైవాళ్లు పట్టుబట్టారట.

"ఉంచారా?" అన్నాను.

"తెలీదు తాతా. ఫైనల్ నేనూ చూళ్లేదు. మాట్లాడకు లా!" ఇక్కడివాళ్లు మాట చివర అనే ఆ "లా" దానికీ అంటుకుంది.

అది ముందుకు వంగి కూర్చుంది. నేనూ కుర్చీ అంచుకు వచ్చేశాను. తెరమీద పిల్ల కత్తి కట్టుకుని గుమ్మం దాటింది. తీసేశారనుకున్నాను.

అప్పుడు నక్క వెనక్కి పిలిచింది. పిల్ల చెంపల మీదుగా రెండు చేతులూ తిప్పి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. ఎడమ చిటికెన వేలు మాత్రం వంగలేదు. రోలు కింద నలిగిన నీ వేలులాగే నిటారుగా ఉండిపోయింది.

హాల్లో ఎవరికీ ఏమీ పట్టలేదు. స్వాతి ముక్కు తుడుచుకుంది.

నువ్వు దిష్టి తీసినప్పుడల్లా "పిచ్చి పనులు" అని కసిరేవాణ్ణి. ఇవాళ స్టేషన్ మెట్ల దగ్గర, అందరూ చూస్తుండగా, దానికి నేనే తీశాను. ఒక్క మెటికా విరగలేదు.

"ప్రాక్టీస్ చెయ్యాలి తాతా," అంది.

చేస్తున్నాను. నవ్వకు.