ఎర్రపువ్వు వచ్చింది

అవ్వా,

ఈ ఉదయం నందివర్ధనం పువ్వులో ఒక చీమ ఉంది. ఎంత ఊదినా పోలేదు, చీమతోనే కోసుకొచ్చాను.

నువ్వు ఆపరేషన్ బల్ల మీద పోయి ఏడాది కాలేదు, ఇప్పుడు నాన్న గుండెకు ఆపరేషన్ అంటున్నారు. చేసినా బతుకుతాడని డాక్టర్ గట్టిగా చెప్పడం లేదు. నీ విషయంలో అడిగినట్టే అమ్మవారిని అడుగుదామన్నాడు నాన్న. తెల్లపువ్వు వస్తే చేయించుకోవాలి, ఎర్రపువ్వు వస్తే వద్దు. పూల పొట్లాలు ఈసారీ నేనే కట్టాను.

"ఆ పొట్లాన్ని ఎన్ని తూర్లు ఇప్పి కడతావే? కోత నాకు గదా!" అని నవ్వాడు.

కాన్వెంటులో పన్నెండేళ్లు రోజూ ప్రార్థన చేశాను గానీ, దేన్నీ దేవుడికి వదిలేసింది లేదు. ఈ రోజు ఒక పొట్లంలో తెలుపు, ఇంకోదానిలో ఎరుపు పెట్టి, ఏ గుర్తూ లేకుండా మడిచి, సారంలోని అమ్మవారి గుడిలో పూజారి చేతికిచ్చాను. ఆయన అమ్మవారి ముందు వేసి, ఒకటి తీసి విప్పాడు. ఎరుపు.

"సరే. ఆయమ్మ మనకంటే పెద్దది. ఇంక ఎవురినీ అడగబాక," అన్నాడు నాన్న. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాడు. ఆయన ఊపిరి వింటూ పక్కనే కూర్చున్నాను. ఆయమ్మ పెద్దదని నేనూ నమ్ముతున్నాను. ధైర్యం మాత్రం రావడం లేదు.

నీకు తెలుగు చదవడం రాదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. నీ కోసం అడిగిన రోజు, రెండు పొట్లాల్లోనూ తెల్లపువ్వే పెట్టాను.