బొరియలో తెల్లగుడ్డ

ఆంగ్ మో కియో,
మంగళవారం.

చిరంజీవి మహీధర్‌కు,

పెద్దవాళ్లం కనుక అలాగే మొదలుపెట్టాలి. నా మనవరాలు అక్షర వెళ్లిపోయాక నువ్వు చెయ్యెత్తలేదనీ, మారిపోయావనీ రాశావు. ఒంటరిగా ఉండి ఎవరి మీద ఎత్తుతావు నాయనా, ఫ్రిజ్ మీదా? అయినా అది నమ్మి పెట్టె సర్దుకుంది. "పాపం అమ్మమ్మా, ఒక్క ఛాన్సిద్దాం" అంది.

నీ పెళ్లాం ఉద్యోగమేమిటో నువ్వెన్నడూ అడగలేదట. చలిదేశాల్లో నేల ఉడుతల నెత్తురు తాగే ఫ్లీ పురుగుల మీద పరిశోధన. చలికాలమంతా ఆ పురుగులు బొరియలో, గూళ్లలో ముడుచుకుని చచ్చినట్టు పడుంటాయి. వేడి పుట్టి, ఉడుత అడుగు అదిరిందా, ఒక్కుమ్మడిగా మీద పడతాయి. అందుకే సద్దులేని బొరియలో ఎవరూ చెయ్యి పెట్టరు. తీగకు తెల్లగుడ్డ చుట్టి లోపలికి తోస్తారు. పురుగులుంటే ఉడుతే వచ్చిందనుకుని దాని మీదికి ఎగబడి, తెలుపు మీద నల్లగా బయటపడతాయి.

ఆదివారం అక్షర కంటే ముందు నీ ఇంటికి ఆ గుడ్డగా నేనొచ్చాను. "అదేదీ, నువ్వెందుకొచ్చావు ముసలిదానా" అంటూ నా జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టావు. నెత్తురు కళ్లలోకి కారుతుంటే నాకు ఫలితం స్పష్టంగానే కనిపించింది.

నుదుటికి కుట్లు వేయించి, అక్షర నన్ను పోలీస్ స్టేషనుకు తీసుకెళ్లింది. ఫిర్యాదు తనే రాసింది, నా గాయంతో పాటు తన విరిగిన చెయ్యి గురించి కూడా. అప్పట్లో ఆసుపత్రిలో బాత్రూంలో జారిపడ్డానని రాసిచ్చిన పిల్ల, ఈసారి నీ పూర్తి పేరు రాసింది.

ఇట్లు,
అక్షర అమ్మమ్మ.