మనిషికొక రాయి

మే 11
రమణమ్మక్క కొత్త పడవను ముంచేసినారు. ముంచింది గంగన్న. డ్యామ్‌లో ఫైబర్ పడవలు తిప్పే గంగన్న. కండ్లారా చూసినా. మా చీనీ తోటకు నీళ్లు కట్టి, పులివెందుల నుంచి బస్సులో వచ్చి మైలవరం కట్ట ఎక్కేసరికి — మోకాటి లోతులో నిలబడి పడవలోకి రాళ్లేస్తాండాడు. నింపాదిగా. అది అంచుల దాకా మునిగినాక చేతులు కడుక్కోని పోయినాడు.

ఆ పడవ చేసింది సత్తిబాబు తాత, మూడు నెలల పని. కాకినాడ కాడ సముద్రం ఒడ్డున పుట్టి, ఈ నీళ్లను నమ్ముకోని వచ్చిన మనిషి. కూతుర్ని చూసేదానికి పోయినాడు, ఊర్లో లేడు. అదను చూసి కొట్టినారు.

మే 11, సాయంత్రం
గంగన్నను నలుగుర్లో అడిగేసినా. "ఔప్పా, నేనే ముంచినా. ముసలాయన్ని అడుగుపో." ఎంత పొగరు!
తాత ఫోను — స్విచ్చాఫ్.

మే 12
రమణమ్మక్క ఏడ్సలేదు. ఇన్నాళ్లూ గంపలాంటి గుండ్రటి పుట్టి మీదే వల ఏసింది, ఇదే ఆయక్కకు మొదటి చెక్క పడవ. నీళ్లు తగ్గి చేపలు మడుగులోకి చేరే దినాలు. "పడవ ఉండాదా, పాయనా? అది చెప్పు."
పన్నెండు మందిమి. రాళ్లు తీసి, నీళ్లు తోడి, గట్టు మీదికి ఈడ్చినాం. నీడకు వద్దన్నా. ఎండలోనే ఉండనీ, అందరికీ కనపడాల. సాక్ష్యం. అరచేతుల నిండా బొబ్బలు. శానా సంతోషం.

మే 13
ప్రొద్దుటూరులో కరపత్రాలు కొట్టించినా. 'పడవ మీద దాడి — పని చేసే చేతుల మీద దాడి!' యాడా చూసి రాయలేదు... దాదాపు. గంగన్న పేరు పెద్దక్షరాల్లో. ఆదివారం పొద్దున ఆరుగంటలకు కట్ట కింద సభ.

మే 14
పంచినా. జమ్మలమడుగు బస్టాండు అంతా.

మే 15
తాత వచ్చినాడు. గట్టు మీద పడవను చూసి పక్కనే కూలబడినాడు.
"ఎవడ్రా దీన్ని బయటికి లాగింది?"
నేనే తాతా, అన్నా. గర్వంగా అన్నా.
"ముంచమన్నది నేనేరా అబ్బాయ్."

ఎండకు పలకలు ముడుచుకోని ఉంటాయంట. వారం ముంచితే నీళ్లు తాగి, ఉబ్బి, సందులు మూసుకుంటాయంట. వాళ్ల పక్క పిల్లోళ్లకు గూడా తెలుసంట. మాకేం తెలుసు? మా పక్క మునిగిందంటే మునిగిందే.
నమ్మలేదు నేను. తాత అటక మీంచి మూరెడు పడవ దించినాడు — పెద్దదానికి ముందు నమూనాకు చేసింది, అదే కలప. తొట్టిలో పెడితే అడుగునుంచి బుడబుడా నీళ్లు. "మునగనీ. రేపు సాయంత్రం చూడు."

మే 16
నమూనాలో నీళ్లు వంచేసి మళ్లీ వదిలినాడు. తేలింది. లోపల ఒక్క చుక్క లేదు.

పెద్దదాంట్లో వేలు దూరే సందులు. అడుగు పలకలో గీత. మేం ఈడ్చితే చీలిందో, ఎండకు విచ్చుకుందో తాతకే తెలీదు. "మళ్లీ ముంచితే తెలుస్తుందమ్మా," అన్నాడు రమణమ్మక్కతో. "ఈసారి ఈడ్చకూడదు. ఎత్తాలి. ముప్పై మందన్నా కావాలి." ఆయక్క నా పక్క చూడలేదు.

గంగన్న ఫైబర్ పడవలు తాత పనిని తింటాండేది నిజం. తాత పడవకు రాళ్లు మోసిందీ ఆయప్పే. రెండూ ఎట్ల రాయాల? నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇట్లాంటోడు లేడు.
గంగన్న కాడికి పోయినా. "తప్పయింది మామా."
"నా పేరు శానా పెద్దగా ఏసినావు లే."
"రేపు వస్తావా?"
"సభ నా మీద గదప్పా. రాకుంటే ఎట్ల?"
నవ్వినాడా? తిట్టినాడా? ... తెలీలేదు.

మిగిలిన కరపత్రాల వెనకపక్క చేత్తో రాస్తాండా. రమణమ్మక్క చదివి, తాత వచ్చినాక మొదటిసారి నాతో మాట్లాడింది — "రాళ్లు తెమ్మని రాస్తే ఈ జిల్లాలో పోలీసులొస్తారు నాయనా." రానీ. వాళ్లూ ఒక చెయ్యేస్తారు.

'పడవను పాడు చేసింది గంగన్న కాదు, నేను. కింద నా పేరు. సభ లేదు. పడవను ఎత్తి నీళ్లల్లో ముంచాల. మనిషికొక రాయి తెచ్చుకోండి. రేపు పొద్దున ఆరుగంటలకు, కట్ట కిందికి రాండి.'