సాయవ్వను కూర్చోబెట్టాం

బోధన్, మంగళవారం

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా వీధివాళ్లం తలా కొంత వేసుకుని మొదలుపెట్టిన ఫౌండేషన్‌కు ఈరోజు మొదటిసారి పెద్ద దాత దొరికాడు. రైస్‌మిల్లు యజమాని. డయాలసిస్ రోగులను నిజామాబాద్ తీసుకెళ్లే మా వ్యాన్ ఖర్చు ఏడాదంతా తనదే అన్నాడు. ఒకటే షరతు. ఎవరికి సాయం చేయాలో తేల్చే కమిటీలో చదువుకున్నవాళ్లే ఉండాలట.

అంటే ఇప్పుడు కమిటీలో ఉన్న, బీడీలు చుట్టే సాయవ్వ ఇక ఉండకూడదు. ఆ వ్యాన్‌లో వెళ్లేవాళ్లలో ఆమె భర్త ఒకడు.

సాయవ్వ లేచి నిలబడింది. "నేను తప్పుకుంట మేడం. బండి ఆగొద్దు."

"కూసో సాయవ్వా," అన్నాను. మొదటి నుంచీ నాతో ఉన్న యూసుఫ్ భాయ్ కూడా, "నువ్వు పోతే ఇది మనది ఎట్లయితది అక్కా?" అన్నాడు. దాత మాకివ్వాలని తెచ్చిన చెక్కును మళ్లీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు గర్వంగానే అనిపించింది. ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. వచ్చే నెల డీజిల్‌కు ఎవరిని అడగాలి? వెళ్లేటప్పుడు సాయవ్వ ముఖంలో సంతోషం లేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "కూసోబెట్టే ముందు నన్నొక మాట అడగాలె గద మేడం," అంది.