బ్రేకు బిగించని బండి

అత్తయ్యగారూ,

మీరు పోయి ఏడాది కావస్తోంది. మీ అబ్బాయి మైలవరంలో పాత మోటారుసైకిలు కొని, నెలల తరబడి వాకిట్లో విప్పి బిగిస్తున్నారు. ఇవాళ స్టార్టయింది. ఆ సంబరంలో ఎక్కి పోనిచ్చారు. చూద్దును కదా, బ్రేకు రాడ్డు అరుగు మీదే ఉంది. వీధి చివర పల్లం, ఆ కింద కాలవ.

“ఏవండీ, ఆగండీ!” అని అరిచాను. ఎవరో ఒకావిడ వాళ్లాయన్ని పిలుస్తోందనుకున్నారు కాబోలు, తిరగలేదు. మొగుడి పేరు పలకకూడదన్నది మరిచిపోయి, అచ్చం మీలాగే “ఒరే శీనయ్యా!” అని కేకేశాను.

కాళ్లు నేలకీడ్చి ఆపారు.

“బ్రేకు లేదండీ” అన్నాను, పరుగెత్తుకెళ్లి.

ఆయన నన్ను చూడలేదు. వెనక్కి తిరిగి మన గుమ్మం వైపే చూస్తున్నారు.