దారి మళ్లిన ఆర్డర్లు

ఎమ్మిగనూరు,
శనివారం.

ప్రియమైన అన్న చంద్రశేఖర్‌కు చెల్లెలు సునంద నమస్కారాలు. ఇక్కడ నాన్న, నేను బాగున్నాం. హుబ్బళ్లిలో నువ్వు, శోభ వదిన బాగున్నారని తలుస్తున్నాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. మన చీరల దుకాణం కంప్యూటర్ మీద నమ్మకం పోయింది, అందుకే కాగితం పట్టాను.

మొన్నటి మెసేజీలో నాన్న మోకాలి సంగతి అడిగావు. మగ్గం గుంటలోకి తనే దిగుతున్నాడు, పైకి లేచేటప్పుడే చెయ్యి అందించాలి. వదిన అడిగిన నేరేడు రంగు చీర సగమైంది.

ఆర్డర్లు ఎందుకు తగ్గాయని అడిగావు. తగ్గలేదన్నా, దారి మళ్లాయి. ఆదోని షాపులవాళ్లు డిజైన్లు చూసి ఆర్డరు పెట్టేది మన కంప్యూటర్‌లోకి తెరిచి ఉంచిన 8080 పోర్టు అనే ద్వారం గుండానే కదా. ఆ పోర్టుకు వచ్చే ప్రతి కనెక్షన్‌నూ ఎక్కడిదో ఇంకో కంప్యూటర్‌కు పంపించే ఆదేశం వరుస ఒకటి సెట్టింగుల్లో కనిపించింది. చూసేవాళ్లకు అది మన పేజీలాగే ఉంటుంది, ఆర్డరు మాత్రం అక్కడికి పోతుంది. పెద్దకడుబూరులో మనకు నేసే నాలుగు మగ్గాలూ ఖాళీగా ఉన్నాయి.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది బసవన్న ఒక్కడే. పదేళ్లుగా మన దగ్గరున్న మనిషి. నేతగాళ్లందరి ముందూ నిలదీశాను. "వచ్చిన ఆర్డర్లు రాసుకుంటా గానీ, ఆ పెట్టె లోపలి సంగతి నాకేం తెలుసు సునందమ్మా? మీ నాయన నమ్మి పెట్టుకున్యాడు. నువ్వు పొమ్మంటే పోతా" అని తాళంచెవులు పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వరుస నేను వెంటనే తీసేయలేదు. పక్కింటి సుంకులమ్మత్త ఫోన్ అడిగి తీసుకుని, ఆ పోర్టుకే ఒక ఆర్డరు పెట్టాను. చిలకపచ్చ చీరకు బూడిదరంగు రుద్రాక్షంచు. అలాంటి జత మనవైపు ఎవరూ కట్టరు, ఎవరూ నేయరు. ఎవరికీ చెప్పలేదు కూడా.

ఇక నీ చివరి ప్రశ్న. చిలకపచ్చ మీద బూడిదరంగు రుద్రాక్షంచుకు ఎన్ని పోగులు పడతాయో నాన్నను అడిగి చెప్పమన్నావు. ఆ ఆర్డరు సంగతి నీకెలా తెలిసిందన్నా? జాతరకు వచ్చినప్పుడు ఆ కంప్యూటర్ బాగుచేసి వెళ్లింది నువ్వే.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ వరుస చూసిన రోజే నా మనసులోకి మొదట వచ్చింది నీ పేరు. నిన్ను అనుమానించడానికి భయపడి, ఎదురు చెప్పలేని మనిషి మీదికి నెట్టాను. సిగ్గుగా ఉంది. నిన్న ఆ వరుస తీసేసి, బసవన్న ఇంటికి వెళ్లి పనిలోకి రమ్మని బతిమాలాను.

"ఎవురు చేసినారో తెలిసిందా?" అన్నాడు.

తెలియలేదని అబద్ధం చెప్పాను.

"అట్లయితే నా మీద అనుమానం ఇంకా ఉన్నట్టే గదమ్మా. నేను యాడికీ రాను" అన్నాడు.

నాన్నకు ఇంకా ఏమీ తెలియదు. వచ్చే ఆదివారం రా అన్నా. నాకేమీ చెప్పనక్కరలేదు. బసవన్నకు చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు
సునంద