నా ఎముకలకు హక్కుదారు ఇర్మా

పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున. వేర్లె ఊరి గుడి గోడను ఆనుకున్న గదిలో, తలుపు ఉండాల్సిన చోట ఇటుకలు పేర్పించుకుని ప్రార్థనలో బతుకుతున్న హైల్విగ్ అనే నేను, ఒళ్ళు జ్వరంతో కాలుతున్నా మతి చెదరక, నా అంతట నేనే ఈ వీలునామా చెబుతున్నాను. కిటికీ అవతల కూర్చుని ఫాదర్ గోడార్డ్ రాస్తున్నారు. నన్ను లోపల పెట్టి గోడ కట్టిన రోజునే నాకు చావు ప్రార్థనలు చదివేశారు కాబట్టి, చచ్చినదానికి వీలునామా ఏమిటని మఠం వాళ్ళు అడ్డం తిరగవచ్చు. మరి పిల్లల దగ్గుకీ ఆవుల పాలకీ ఈ చచ్చినదాని దీవెనలు ఎందుకు అడిగారో వాళ్ళే చెప్పాలి.

1. నా శరీరాన్ని ఈ గదిలోనే, నా చేతులతో తవ్వుకున్న గోతిలో, పునీతుల ఎముక ఇంట్లో ఉంటే మేలని ఎవరూ పట్టుకుపోకుండా, ఒక్క వేలు కూడా తగ్గకుండా పూడ్చాలి.

2. నా ఉన్ని దుప్పటి చెప్పులు కుట్టే లాంబెర్ట్ భార్యకు. నిన్న కిటికీలో తల పెట్టి, "అమ్మా, ఆ ఊగే పన్ను ఎలాగూ ఊడిపోయేదేగా, ఇంకెవరికీ మాటివ్వకండేం!" అంది. పన్ను ఇవ్వను. దుప్పటితో సరిపెట్టుకోమనండి.

3. మఠాధిపతికి ఏమీ లేదు. మొన్న ఆయన మనిషి దీవెన వంకతో నా చెయ్యి పట్టుకుని, దారంతో కొలత తీసుకుపోయాడు. నేను పోయాక ఆ చేతి ఎముకను గుడిలో పెట్టుకోవడానికి వెండి తొడుగు తయారవుతోందట. "కంగారేం లేదు తల్లీ, నిదానంగానే వెళ్ళండి," అన్నాడు కూడా! అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. వీధిలో అడుగుల చప్పుడైతే చాలు, గోడ పగలగొట్టడానికే వచ్చారనుకుంటున్నాను.

4. ఇర్మా. పడుచుతనం నుంచీ నాకు నీళ్ళు మోసింది, గంజి కాచింది, నా మురికి కుండ పారబోసింది. నన్ను పునీతురాలన్నవాళ్ళు దాని ముఖం కూడా చూడలేదు. ఇప్పుడు దాని మోకాళ్ళు వంగవు. నేను పోయిన మర్నాడే వెళ్ళగొడతారు, ముందు చలికాలం. ఎంత వెతుక్కున్నా దానికివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఊరంతా కాచుకుని కూర్చున్న ఈ ఎముకలు తప్ప.

కాబట్టి ఫాదర్ గారూ, ఒకటో మాట కొట్టెయ్యండి. "వద్దమ్మా, తొందరపడకండి," అంటున్నారు. అదీ రాయండి, కానీ కొట్టెయ్యండి.

5. నా శరీరం మొత్తం ఇర్మాది. ఇర్మాను పొయ్యి పక్కన పడుకోబెట్టి, మెత్తని రొట్టె, వేడి బీరు, ఆదివారం మాంసం పెట్టి చూసుకునే ఇంటికి, మట్టి తన పని చేశాక, ఏడాదికో ఎముక. ఏ ఎముకో అదే చెబుతుంది. దాన్ని కసిరితే ఆ ఏడు లేదు. నా తల మాత్రం, ఇర్మా పోయాక దాన్ని గుడి ఆవరణలో గౌరవంగా పూడ్చినవాళ్ళకే. మఠం వాళ్ళయినా సరే, ఇదే షరతు.

6. ఇర్మా, నీకొక్క మాట. చచ్చినవాళ్ళంతా ఒళ్ళతో లేచే తీర్పు రోజున బూర మోగేసరికి నా ఎముకలు ఏ ఊళ్ళో, ఎవరి వెండి పెట్టెల్లో ఉంటాయో, అన్నీ కూడదీసుకుని లేవగలనో లేదో. భయంగానే ఉందే. నేను ఆలస్యమైతే నా కోసం ఆగకు, నువ్వు ముందు వెళ్ళు.

క్రీస్తు శకం 1267, పునీత మార్టిన్ పండుగ మరునాడు.
హైల్విగ్, సిలువ గుర్తు.
సాక్షులు: గంటలు కొట్టే రెయినర్, మంత్రసాని ఓడా.